తలగుడ్డ కట్టకముందు

సెయింట్ లూయీ రేవుపట్నంలో సినిమా హాలు గుమ్మంలోనే మారెమ్‌కు ఒళ్ళు మండిపోయింది. గోడమీద నిలువెత్తు పోస్టరు. అందులో సోఖ్నా అత్త, మారెమ్ తండ్రికి తోడబుట్టిన మనిషి. తలమీద గుడ్డ లేదు, నెరిసిన జుట్టు చెదిరిపోయింది, మోచేత్తో చెమట తుడుచుకుంటోంది. కింద పెద్దక్షరాలతో ‘ఆకలి తీరం’ అని ఉంది.

ఆకలట ఆకలి! రేవులో చేపలెండబెట్టి నలుగురు పిల్లలకు పెళ్ళిళ్ళు చేసిన మనిషి ఆమె. ఆ జాలరివాడలో ఫోటో అంటే మాటలా? పండక్కి కుట్టించుకున్న పొడవాటి బూబు గౌను వేసుకోవాలి, తలగుడ్డ నిటారుగా నిలబెట్టి కట్టాలి, బంగారం లేకపోతే పక్కింటిదైనా అడిగి పెట్టుకోవాలి. పనిబట్టల్లో ఫోటోకెక్కడమంటే నలుగురిలో పరువు తీసుకోవడమే. రెండేళ్ళు కష్టపడి మారెమ్ తీసిన సినిమా అంతా ఆ దర్జాయే. చేపలెండే తడికల మధ్య సింగారించుకుని కూర్చున్న పదకొండు మంది ఆడవాళ్ళు.

లోపల నిర్మాత గోర్గీ కుర్చీలు సర్దిస్తున్నాడు.

“ఆ బొమ్మ ఎక్కడిది?” అని నిలదీసింది.

“నువ్విచ్చిందే కదమ్మా. అసలు షూటింగుకు ముందు వెలుతురు చూసుకుంటూ తీసిన ముక్కల్లో దొరికింది.”

“అది సినిమాలోది కాదు.”

“ఇప్పుడు అదే సినిమా. నీ సింగారాలు చూసి సినిమా కొనే యూరప్ వాళ్ళేమన్నారో తెలుసా? వీళ్ళు పేదవాళ్ళలా లేరే అన్నారు. అందుకే అలాంటి ముక్కలన్నీ ఏరి కూర్చాను. రంగు కూడా తీసేయించాను.”

“పేదవాళ్ళలా కనబడడానికి వాళ్ళేమన్నా మీ దగ్గర కూలికి కుదిరారా?”

“నీ మొదటి సినిమా, ఆలోచించుకో. ఇది పోతే మళ్ళీ నిన్ను పిలిచేవాడుండడు.”

“పిలవకపోతే పీడాపోయింది. ఆ బొమ్మలు నావని కాగితం రాసుకున్నాం. ఒక్కటి వేసినా ఊరుకోను.”

విసురుగా బయటికొచ్చి పోస్టరు పీకి ముక్కలు చేసింది. తలెత్తేసరికి మెట్లకింద సోఖ్నా అత్త నిలబడి ఉంది. ఆకుపచ్చ బూబు, చెవులకు బంగారం, వెనక తమ సినిమా చూసుకుందామని ముస్తాబై వచ్చిన మిగతా పదిమంది.

“చింపేశాను అత్తా. వాడికి గడ్డి పెట్టాను. సినిమా కూడా వద్దన్నాను.”

“విన్నాను, బాగానే అరిచావు. ఆ బొమ్మా చూశాను. వాడికి నేనెవరో తెలియదు, సరే. నువ్వు నా చేతుల్లో పెరిగినదానివి. ఆ పొద్దున, తయారై పిలుస్తాను, అందాకా కెమెరా ముయ్యమన్నాను. మూశావా?”

మారెమ్ ముయ్యలేదు. ఆ పొద్దుటి వెలుతురు వదలబుద్ధి కాలేదు. అత్త చెయ్యెత్తినప్పుడు మొహమ్మీద పడిన నీడ ఎంత నచ్చిందంటే, ఎవరికీ చూపించకపోయినా చెరిపెయ్యడానికి మనసొప్పలేదు. గోర్గీ కన్నా ముందు ఆ ముక్కను ఏరి దాచుకున్నది తనే.

“వాడు నీ దగ్గర తీసుకున్నాడు. మరి నువ్వు ఎవర్నడిగి తీసుకున్నావే?”

జవాబు కోసం ఆగకుండా అత్త ఇంటిదారి పట్టింది. మిగతావాళ్ళు బూబులు ఇసకకు తగలకుండా ఎత్తిపట్టుకుని ఆమె వెంటే నడిచారు.