ముద్ర తెమ్మన్న ఫోను

"కత్తెర కుడిచేత్తోనే పట్టుకోరా. ఎడమచెయ్యి జేబులో పెట్టుకో. కాస్త గీసుకున్నా ఇంకేం గతి?"

అప్పటికింకా ఒక్క కాయ కూడా కోయలేదు. తోట గట్టు ఎక్కుతుండగానే అన్నాను. మావాడు తకుజి వెనక్కి తిరిగి నవ్వాడు.

"ఆరు రోజుల్నించీ జేబులోనే ఉందమ్మా. చెయ్యి బాగానే ఉంది, జేబే చిరిగిపోయేటట్టుంది."

నవ్వాడు గానీ, కుడిచెయ్యి మాత్రం పైజేబులో ఉన్న సెల్‌ఫోను తడుముకుంది. కొండ మలుపు దాటితే అందులో సిగ్నల్ ఉండదు. మా కమలాతోట ఆ మలుపుకి అవతలే ఉంది.

వాడికి ముప్ఫై నాలుగేళ్ళు. పదహారేళ్ళుగా వాడు చేసే పని ఒక్కటే, ఎడమచేత్తో బేస్‌బాల్ బంతి విసరడం. పేరున్న పిచర్ కాడు. ఆట చివరికొచ్చాక, అవతలి జట్టులో గట్టి ఎడమచేతివాటం బ్యాటర్ దిగితే, వాడొక్కడికోసం మావాణ్ణి పిలుస్తారు. నాలుగు బంతులో అయిదు బంతులో వేస్తాడు, వెళ్ళి కూర్చుంటాడు. వాళ్ళ నాన్న బతికున్నప్పుడు అనేవాడు, "మనవాడు ఆటగాడు కాదే, పెళ్ళిలో వేడి సారా పోసేవాడు. పోసి తప్పుకోవాలి" అని.

జట్ల పేర్లు నాకు నోరు తిరగవు. ఓడరేవు ఊళ్ళో ఏడేళ్ళున్నాడు. తర్వాత కొండల ఊళ్ళో నాలుగు, ఈదురుగాలి ఊళ్ళో మూడు. ఆ తర్వాత తైవాన్‌లో రెండేళ్ళు, అక్కడ తుపాన్లు. అలా ఊళ్ళని వాతావరణంతోనే గుర్తుపెట్టుకున్నాను. వాడు వదిలేసి వచ్చిన ఊళ్ళయినా ఇప్పటికీ టీవీలో ఆ నాలుగుచోట్ల వాతావరణమూ చూడందే నాకు అన్నం దిగదు. ఓడరేవులో అలలు లేస్తే, వాడక్కడ లేడు కదా అని మనసుకి చెప్పుకోవాలి. మనసు వినదు.

అక్టోబరు నెలంటే నాకు భయం. ఆటలు అయిపోయే నెల అది. ఆఫీసునించి ఫోను వస్తుంది. "రేపు పొద్దున సూటు వేసుకుని రండి" అంటారు, అంతే. ఆటగాణ్ణి సూటులో రమ్మన్నారంటే యూనిఫారం ఇంక అక్కర్లేదని అర్థం. వాడు పద్దెనిమిదో ఏట మొదటి జట్టులో చేరినరోజు వేసుకోవడానికని నల్లసూటు కొన్నాను. చేరడానికి ఒక్కసారే పనికొచ్చింది, ఆ తర్వాత అన్నీ పంపించెయ్యడాలే. నడుము దగ్గర రెండుసార్లు నేనే వదులు చేసి కుట్టాను. కుడుతున్నంతసేపూ, ఎవరిదో చావుకి సిద్ధం చేస్తున్నట్టుండేది.

తైవాన్ వాళ్ళు కూడా వద్దన్నాక, ఈ నవంబరులో పరీక్షకి వెళ్ళాడు. జట్టు పోయిన వాళ్ళందరికీ ఒకేరోజు పెడతారు. జట్ల పెద్దలు మెట్లమీద కూర్చుని చూస్తారు. ఒక్కో పిచర్‌కి ముగ్గురే బ్యాటర్లు. జన్మలో రెండుసార్లే వెళ్ళనిస్తారు, వాడికిది రెండోది. మొదటివాడు బంతిని కంచెదాకా కొట్టాడట. రెండోవాణ్ణి, మూడోవాణ్ణి వెనక్కి పంపించాడు. వారంలోగా ఎవరైనా పిలిస్తే పిలిచినట్టు, లేకపోతే ఆట అయిపోయినట్టే. వాడేమో ఆ వారం కమలాలు కోస్తానని ఇంటికొచ్చాడు. తోటలో సెల్‌ఫోను పనిచెయ్యదని, ఫారంలో ఇంటి ఫోను నంబరు కూడా రాసిచ్చాడు.

ఇంటి నంబరు రాశానని నాతో ఒక్కమాట అనలేదు. అని ఉంటే ఇంత జరిగేది కాదు.

ముందురోజు, అంటే అయిదోనాడు, మధ్యాహ్నం అన్నం ఉండలు కట్టుకెళ్దామని నేనొక్కదాన్నే ఇంటికి దిగాను. ఫోను మోగింది. అరిచి మాట్లాడే మగగొంతు, యాస మా పక్కది కాదు.

"సెయికె గారి ఇల్లేనాండి? తకుజి వాళ్ళమ్మగారా?"

"మీరెవరు?"

"హొమ్మా అంటారండి నన్ను. తకుజి సంగతే, వాడి సెల్‌ఫోను తగలట్లేదు, కాస్త తొందరగా తేల్చాలి. ఎడమచెయ్యి ఎలా ఉంది? సరే, అది తర్వాత. ముందు వాణ్ణి ముద్ర తీసుకుని..."

పెట్టేశాను.

ఎందుకు పెట్టేశానంటే, మా ఊరి సమావేశం హాల్లో రెండువారాల కింద ఒక కుర్ర పోలీసు వచ్చి ముసలివాళ్ళందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. దొంగఫోన్లు ఎక్కువయ్యాయట. కొడుకు పేరు చెప్తాడు, తొందర పెడతాడు, ముద్ర అడుగుతాడు. మూడూ కలిశాయంటే దొంగే. మాకు సంతకం బదులు ముద్రే. సెయికె అన్న మా ఇంటిపేరు చెక్కిన ఆ చిన్నకడ్డీ ఎక్కడ నొక్కితే అక్కడికి ఇల్లంతా రాసిచ్చినట్టే కదా. "ముందు పెట్టెయ్యండి, తర్వాత ఆలోచించండి" అని మాచేత మూడుసార్లు అనిపించి, అదే మాట రాసిన పసుపు కాగితాలు పంచాడు. నేనది ఫోను పైనే గోడకి అంటించుకున్నాను.

మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తను కూడా ఎత్తలేదు. కూర్చునే దిండు తెచ్చి దానిమీద కప్పేశాను. దిండు కింద పిల్లిలా కాసేపు గొణిగి ఊరుకుంది.

ఎంత పొంగిపోయానో! సాయంత్రం పాకలో కాయలు ఏరుతూ, పక్కతోట ఇసోకో వదినకి చెప్పకుండా ఉండలేకపోయాను.

"దొంగ దొరికాడొదినా! నా దగ్గరా వాడి ఆటలు?"

"నిన్ను మోసం చెయ్యడం ఎవడివల్లవుతుందే? నువ్వు చల్లటి టీ కూడా ఊదుకుని తాగుతావు" అంది వదిన. "ఏమన్నాడేమిటి?"

"అన్నీ అచ్చం పోలీసబ్బాయి చెప్పినట్టే. తకుజి అన్నాడు, తొందరన్నాడు, ముద్రన్నాడు. మధ్యలో ఎడమచెయ్యి ఎలా ఉందని కూడా అడిగాడు, ఎంత ప్రేమో!"

వదిన చేతిలో కాయ బుట్టలో పడలేదు. అలాగే పట్టుకుని నా మొహం చూసింది.

"ఏమే, దొంగకి మీవాడి ఎడమచెయ్యితో ఏం పని?"

సూటు వేసుకు రమ్మంటే ఏమిటో నాకు తెలుసు, పదహారేళ్ళుగా తెలుసు. ముద్ర తెమ్మంటే ఏమిటో నాకెవరూ చెప్పలేదు. మంచికబురు ఎప్పుడూ వాడి సెల్‌ఫోనుకే వచ్చేది, అంతా అయిపోయాక నాకు చెప్పేవాడు. కాగితంమీద ముద్ర వెయ్యాలి కదా, జట్టులో చేరాలంటే. చెడ్డమాట ఒక్కటే నేర్చుకుని కూర్చున్నాను నేను.

"ఇప్పుడే చెప్పు వాడికి" అంది వదిన.

"ఆ, చెప్తాను."

చెప్పలేదు. అన్నం తింటున్నప్పుడు చెప్దామనుకున్నాను. వాడు చేపవేపుడు రెండోముక్క అడిగాడు, అది వడ్డించాను. టీవీలో వాతావరణం వస్తుంటే చెప్దామనుకున్నాను. ఆ గొంతు యాస ఉత్తరపు సముద్రం వైపుదని అప్పటికి తట్టింది. నాకు తెలీకుండానే ఆ వైపు ఊరు వెతుకుతున్నాను. తెల్లటి మంచుగుర్తు కనిపించింది. వాడి భుజం చలికి కొయ్యలా బిగుసుకుపోతుంది. ఛానెల్ మార్చేశాను. మర్నాడు పొద్దున కత్తెర గురించి జాగ్రత్తలు చెప్పాను, జేబు గురించి చెప్పాను, అసలు సంగతి మాత్రం చెప్పలేదు. వాడు ప్రతి గంటకీ మలుపుదాకా వెళ్ళి సెల్‌ఫోను ఆకాశానికి ఎత్తి చూసుకొస్తున్నాడు. వచ్చేటప్పుడు ఈలవేస్తూ వస్తున్నాడు. ఆ ఈల వినపడగానే నేను పక్క చెట్టు వెనక్కి తప్పుకునేదాన్ని.

మధ్యాహ్నం దాటాక నాలుగోసారి వెళ్ళొచ్చాడు. ఈసారి ఈల లేదు.

"తకుజీ, నిన్న ఇంటికి ఫోనొచ్చిందిరా" అన్నాను.

వాడు చెట్టు దగ్గర ఆగిపోయాడు. అంతా చెప్పాను. పోలీసబ్బాయి, పసుపు కాగితం, ముద్ర, దిండు, ఒక్కటీ దాచలేదు. చెప్తున్నంతసేపూ కాయలు కోస్తూనే ఉన్నాను, ఒక్కో కాయకి రెండు కోతలు. కొమ్మనించి ఒకటి, తొడిమ మొదలంటా ఇంకొకటి. రెండో కోత సరిగ్గా పడకపోతే, మిగిలిన తొడిమ పెట్టెలో పక్కకాయని గుచ్చి కుళ్ళబెడుతుంది. ఆవేళ నేను కోసినవాటికి ఎన్నిటికి తొడిమలు మిగిలాయో దేవుడికే తెలియాలి.

వాడు కత్తెర తీసి, కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.

ఎడమచేత్తో కాయ కోశాడు. పదహారేళ్ళలో మొదటిసారి. ఇంకొకటి కోశాడు. ఆ చేత్తో ఎంత చులాగ్గా కోస్తున్నాడో, పుట్టుకతో ఆ పనికే వచ్చిన చెయ్యిలా.

"ఒరేయ్, వద్దురా! ఆ చేత్తో వద్దు!" నా కేకకి కింద తోటలో ఇసోకో వదిన తల పైకెత్తింది.

"ఇంక దీన్ని దాచి ఏం చెయ్యమంటావు?" అన్నాడు. గొంతు పెంచలేదు. "హొమ్మా గారంటే కొండల ఊళ్ళో నాకు బంతి నేర్పినాయన, ఇప్పుడు ఉత్తరాన మంచు ఊళ్ళో ఓ జట్టుకి పెద్ద. రెండుసార్లు చేసినా ఎత్తలేదంటే నాకిష్టం లేదనుకుంటాడు. ఆయనకి రోషమెక్కువ. ఈపాటికి ఇంకో ఎడమచేతివాణ్ణి వెతుక్కుని ఉంటాడు."

"మనమే చేద్దాం, నంబరు లేదూ?"

"అమ్మా, ఒకటడుగుతాను. నిజంగా దొంగనుకున్నావా?"

అనుకున్నాను. ఒట్టేసి చెప్తాను, అనుకున్నాను. కానీ ఫోను పెట్టేసినప్పుడు గుండెమీంచి ఏదో దిగినట్టయింది. అది దొంగ చేతికి చిక్కనందుకో, ఇంకో ఊరి వాతావరణం చూసే పని తప్పినందుకో, అది మాత్రం ఒట్టేసి చెప్పలేను. వాడి చేతిలోంచి కత్తెర లాక్కుని గట్టు దిగడం మొదలుపెట్టాను. కాసేపటికి వెనకాల వాడి అడుగుల చప్పుడు వినిపించింది.

ఇంటికొచ్చేసరికి నాలుగున్నర. వాడు సెల్‌ఫోనులో నంబరు వెతికి ఇంటి ఫోనులో నొక్కాడు. నొక్కి, రిసీవరు నాకిచ్చాడు.

"నేనెందుకురా?"

"నేను చేస్తే బతిమాలుకున్నట్టుంటుంది. పెట్టేసింది నువ్వు, నువ్వే మాట్లాడు."

గోడమీద పసుపు కాగితం నన్నే చూస్తోంది. అవతల ఎత్తారు. "హొమ్మా" అన్నాడు, అదే గొంతు, విసురుగా.

"తకుజి వాళ్ళమ్మనండి. నిన్న పెట్టేసింది నేనే. రెండోసారి దిండు కప్పింది కూడా నేనే. మావాడికి ఏ పాపం తెలీదు, ఇందాకే చెప్పాను. మీరు ముద్ర అన్నారు, పోలీసులు పెట్టెయ్యమన్నారు, అందుకని మిమ్మల్ని దొంగనుకున్నాను. వాడికి ఇష్టం లేక కాదండి. వాడికి అది తప్ప ఇంకేం ఇష్టముంది?"

అక్కడితో ఆపితే సరిపోయేది. తకుజి కూడా రిసీవరు కోసం చెయ్యి చాపాడు. నా నోరాగలేదు.

"మీ ఊళ్ళో మంచు ఎక్కువటగా? టీవీలో చూశాను. వాడి భుజం చలికి పట్టేస్తుందండీ. పైకి చెప్పడు. తైవాన్ వెచ్చగా ఉంటుంది కాబట్టి రెండేళ్ళు నెట్టుకొచ్చాడు, అంతకుముందు సంవత్సరం మార్చిలో అయితే చొక్కా కూడా నేనే..."

తకుజి ఎడమచేత్తో మొహం కప్పుకుని గుమ్మం దగ్గర కూలబడ్డాడు. అప్పుడాగాను. ఆగేసరికి, అనాల్సినవీ అనకూడనివీ అన్నీ అయిపోయాయి. ఫోను పెట్టేస్తే పోగొట్టుకున్నది, ఎత్తి మరీ పోగొట్టానేమో.

అవతల చప్పుడు లేదు. పెట్టేశాడేమో అనుకున్నాను, కానీ ఊపిరి వినిపిస్తోంది. పొయ్యిమీద కెటిల్ మరిగి మూత కదులుతోంది, ఇద్దరం లేవలేదు. కొండమీద ఇసోకో వదిన వాళ్ళ కాయల బండి దడదడమని కిందికి దిగింది. తకుజి వేళ్ళ సందుల్లోంచి నన్ను చూస్తున్నాడు. నేను రెండు చేతుల్తోనూ రిసీవరు పట్టుకున్నాను, ఈసారి నా చెయ్యి దానంతటది కిందికి దిగిపోకుండా.

"అమ్మగారూ," అన్నాడు చివరికి. గొంతులో ఆ అరుపు లేదు. "నిలువెత్తు మంచు పడుతుంది. అబద్ధం చెప్పను. ఏప్రిల్ దాకా బంతులు కప్పుకిందే వేయిస్తాను. రేపు బండెక్కించండి. ముద్ర ఒక్కటి చాలు. సూటు వద్దు."