ఆరు వారాల తాతయ్య

శనివారం పదిన్నర కాకముందే హిల్కె హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసేస్తుంది. పూర్వీకులు కాఫీకి వచ్చే వేళ అది. ఆ వారం పాత రిజిస్టర్లలో ఆమె ఎవరి కాగితం చదివితే వాళ్లు, అందులో రాసిన వయసుతోనే వచ్చి కూర్చుంటారు. పెళ్లి కాగితం దొరికిన ముత్తవ్వ ఇరవై రెండేళ్ల పెళ్లికూతురు, చావు కాగితం దొరికిన ఆవిడ కొడుకేమో దగ్గుతూ వచ్చే ముసలాయన. హోర్న్ ఊళ్లో వంశవృక్షం గీసే ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు. తలా ఒక కప్పు కాఫీ, తలా ఒక బిస్కెట్, ఆపైన డబ్బా మూత పడిపోతుంది. పన్నెండు కొట్టగానే ఎవరి దారిన వాళ్లు లేచి వెళ్తారు.

"మా అమ్మను ఇంకా వెతకలేదా?" అని వెళ్తూ వెళ్తూ ప్రతివాళ్లూ సతాయిస్తారు.

"నాకేమైనా నాలుగు చేతులున్నాయా ముత్తవ్వా? వెతుకుతున్నాగా" అంటుంది హిల్కె.

ఆమెకు కాలు ఒకచోట నిలవదు. మూడుసార్లు కడుపు నిలవలేదు, ఆ తరవాత మొగుడూ నిలవలేదు. నలభై రెండేళ్లొచ్చాయి. బిడ్డ కోసం పసుపు రంగు వేయించిన పైగది నిండా ఇప్పుడు కాగితాల పెట్టెలే. ఊరికే కూర్చుంటే ఏడుపొస్తుందని సైకిలేసుకుని పోయి చచ్చినవాళ్లను వెతుక్కుంటుంది.

మార్చిలో తూనిస్ కాగితం దొరికింది. రెండు వందల ఏళ్ల కిందట సంతలో జున్ను తూచే ఇంటి మెట్ల మీద ఎవరో వదిలేసి పోయిన ఆరు వారాల మగబిడ్డ. ఆ శనివారం కుర్చీలో గోనెగుడ్డ చుట్టుకుని వచ్చాడు. పన్నెండు కొట్టాక అందరూ వెళ్లారు. వాడికి నడక రాదు కనక ఉండిపోయాడు.

మగబిడ్డ పుడితే ఆ ఊళ్లో పంచే నీలం, తెలుపు సోంపు మిఠాయి చల్లిన రస్కులు హిల్కె ఇరుగుపొరుగుకు పంచింది. "మీ తాతయ్య నీ ముక్కే పెట్టుకుని పుట్టాడే" అంది పక్కింటావిడ. హిల్కె ఆ మాటకు రోజంతా పొంగిపోయింది. కానీ వాడు నిద్రపోడు. ఎత్తుకున్నా, ఊపినా, తల తలుపు వైపు తిప్పి ఏడుస్తాడు.

తమ్ముడు యోరిస్ ఫోన్ చేశాడు. "అక్కా, తూనిస్ వాళ్లమ్మ కాగితం దొరికింది. కవర్లో పెట్టి నీకు పంపించా."

"నువ్వు చదివావా?"

"నేను చదివితే మా ఇంటికొచ్చి కూర్చుంటుంది కదా! జూన్‌లో చుట్టాలంతా కలిసేసరికి చెట్టు పూర్తి కావాలి. నువ్వే చదువు."

హిల్కె కవరును రొట్టెల డబ్బా కింద పెట్టింది, తీసి బీరువా మీద పడేసింది, ఓ పూట పొయ్యి దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చింది. చదివితే తల్లి వస్తుంది. వస్తే బిడ్డను తీసుకుపోతుంది. అయిదు రోజులు ఇంట్లో ఆ గదికీ ఈ గదికీ తిరిగింది. శుక్రవారం వాడి గొంతు బొంగురుపోయింది. అప్పుడు కవరు చింపి చదివింది.

నేలా, పంతొమ్మిదేళ్లు, పనిమనిషి. వదిలిన నెలకే అనాథాశ్రమానికి వచ్చి బిడ్డనిమ్మని అడిగింది. ఇల్లు లేదని ఇవ్వలేదు. కాగితం అడుగున, నివాసం అన్న చోట, 'లేదు' అని రాసి ఉంది.

మర్నాడు ఆ పిల్ల వచ్చి, చెక్క చెప్పులు గుమ్మంలో విడిచి, కాఫీ వైపైనా చూడకుండా బిడ్డను అందుకుంది. వాడు ఏడుపు ఆపేశాడు.

పన్నెండు కొట్టడానికి రెండు నిమిషాలుండగా పిల్ల బిడ్డను తిరిగి చాపింది. "ఉంచుకోండి. నాతో వస్తే, ఇల్లు లేదని వీణ్ణి మళ్లీ లాక్కుంటారండీ."

హిల్కె బిడ్డను అందుకోలేదు. కాగితం బల్ల మీద పరిచి, 'లేదు' కొట్టేసి, పక్కన తన వీధి పేరు, ఇంటి నంబరు రాసింది.

పన్నెండు కొట్టింది. కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. పిల్ల మాత్రం ఉన్నచోటే ఉంది, బిత్తరపోయి తన చేతులూ, చేతుల్లో బిడ్డనూ చూసుకుంటోంది.

"నిలబడ్డావేం? ముందు వాడికి పాలివ్వు" అంది హిల్కె. "తరవాత పైగదిలో పెట్టెలు కిందికి దించాలి. నా ఒక్కదానివల్ల కాదు."