రాబందు పోయి నీలిపిట్ట వచ్చె

నీలిపిట్ట కనిపిస్తే చాలు నాకు రోత పుడుతుంది. ఆ పిట్ట నిన్నేం చేసిందే ఓపల్ అని మా చెల్లెలు నవ్వుతుంది. పిట్ట ఏమీ చేయలేదు, మనుషులు చేశారు.

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. సొకోరో అనే ఎడారి ఊళ్ళో, నది ఒడ్డున ఉంటాను. మా వృత్తిలో ఒక దిక్కుమాలిన ఆచారం ఉంది. కథ రాసినవాళ్ళూ బొమ్మలు వేసేవాళ్ళూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. అది చట్టమేమీ కాదు, మర్యాదట. ఎడిటర్ మధ్యలో కూర్చుని ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోస్తుంది. అంటే మొహాలు చూసుకోకుండానే కాపురం చేసి బిడ్డను కనడమన్నమాట. ఇన్నేళ్ళూ నేనూ గంగిరెద్దులా తలూపుతూనే వచ్చాను.

కిందటి ఏడాది మెరెడిత్ అనే ఎడిటర్ న్యూయార్క్ నుంచి ఒక కథ పంపింది. రాసినాయన ఎలోయ్ ఆర్చులెటా, స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషట. కథలో ఒక ఎలుక, నక్కలాంటి ఒక కొయోట్, ఒక రాబందు. ఎలుకా కొయోటూ కలిసి జనం పారేసిన డబ్బాలతో, తీగలతో గాలికి మోగే బాజా ఒకటి కడుతుంటాయి. నేనూ కడతానని రాబందు ఎండి తెల్లబడ్డ ఎముకలు మోసుకొస్తుంది. "ఛీ, బోడితలదానా! నీ ముక్కు తగిలిందేదీ మాకొద్దు, పో" అని తరిమేస్తాయి. అది తన ఎముకలు ఒక కొమ్మకు కట్టుకుని కూర్చుంటుంది. గాలి వీస్తే డబ్బాలు గోల పెడతాయి, ఎముకలు పాడతాయి. సిగ్గుపడి ఎలుకా కొయోటూ దాని దగ్గరికి వెళతాయి. అంతే కథ. అంకితం మాత్రం ఇలా ఉంది: "జుట్టంతా రాలిపోయిన నా మనవరాలు ఆరెలియాకి. దానికి రాబందంటే ఇష్టం."

చదివి, పెన్సిలు పట్టుకుని తిన్నగా పెరట్లోకి వెళ్ళాను. వేసవిలో మా కాటన్‌వుడ్ చెట్ల మీద రాబందులు కాపురముంటాయి. కంటితో చూడనిదే నా చెయ్యి కదలదు. ఎండలో మాడుతూ, వాటి కంపు భరిస్తూ, ఆ ఎర్రటి ముడతల తలలను వేసవంతా గీశాను. పొద్దున్నే రెక్కలు ఆరబెట్టుకుంటూ నిలబడ్డప్పుడు వాటికున్న దర్జా ఏ రాజుకూ ఉండదు. నా చేత్తో వేసినవాటిలో అంత మంచి బొమ్మ ఇంకోటి లేదు. ఆ పిల్ల చూసి నవ్వుతుందని పదే పదే అనుకునేదాన్ని.

అప్పుడు మెరెడిత్ ఫోన్ చేసింది.

"ఓపల్ గారూ, బొమ్మలు అదిరిపోయాయండీ! ఒక్కటే చిన్న విషయం. ఆ రాబందుంది చూశారూ, ఎలోయ్ గారికి అది కాస్త ఎబ్బెట్టుగా ఉందట. నీలిపిట్ట పెడితే బాగుంటుందని ఆయన కోరిక."

"రాబందని రాసింది ఆయనే కదమ్మా?"

"మనసు మారిందండీ. తాతగారు కదా, మనవరాలికి అందమైన పిట్ట కావాలనుకుంటారు కదా."

నాకు ఒళ్ళంతా కంపరమెత్తింది. బోడితల మనవరాలి కోసం కథ రాసి, తీరా ఆ బోడితలను చూసి మొహం తిప్పుకునే తాతా! వీడిదీ ఒక ప్రేమేనా, థూ! ఫోన్ చేసి నాలుగు కడిగేద్దామని చెయ్యి దురద పెట్టింది. కానీ మర్యాద ఒకటి ఏడ్చింది కదా. పైగా కథ ఆయనది, మనవరాలు ఆయనది. పళ్ళు నూరుకుంటూ నీలిపిట్టను వేశాను. ఎముకలు తీసేసి రంగు రిబ్బన్లు పెట్టాను. వేసినన్ని రోజులూ విరిగిన పాలు తాగినట్టు నోరంతా చేదుగా ఉండేది.

ఏప్రిల్‌లో పుస్తకం వచ్చింది. ఆయన ఊళ్ళోని లైబ్రరీలో చదివి వినిపించే సభ పెట్టారు. ఆ ఊరు బెలెన్. మా ఇంటి నుంచి ముప్పావు గంట దూరం! అంత దగ్గరి మనిషని కూడా నాకు ఎవరూ చెప్పలేదు. మెరెడిత్ విమానమెక్కి వచ్చింది. నీలం బుడగలు, నీలం పూత పూసిన కప్‌కేకులు. అవి తిని పిల్లల నాలుకలన్నీ నీలంగా మారాయి.

ఎలోయ్ ఆర్చులెటా ఇస్త్రీ చొక్కా వేసుకుని, తెల్ల మీసాలు దువ్వుకుని వచ్చాడు. చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు నా వేళ్ళ కొసలు పట్టుకుని వదిలేశాడు. నేనూ నా చెయ్యి స్కర్టుకు తుడుచుకున్నాను.

ఆయన చదవడం మొదలుపెట్టాడు. ఎలుక నీలిపిట్టను పొమ్మనే చోటికి రాగానే ఒక పిల్లాడు, "ఎందుకు పొమ్మంటోంది? పిట్ట ముద్దుగానే ఉంది కదా" అన్నాడు. నీలిపిట్టను ఎవరు తరుముతారు?

ముందు వరసలో టోపీ పెట్టుకున్న ఓ ఎనిమిదేళ్ళ పిల్ల లేచి నిలబడింది.

"తాతా, నా రాబందేదీ?"

ఆయన పుస్తకం మూసేశాడు. "ఆవిడనే అడుగు మిహా, నా తల్లీ. బోడితలంటే ఆవిడకి వాంతొస్తుందట."

"ఎవరికీ? నాకా?" నేను కుర్చీలోంచి లేచాను. "బోడితల వద్దన్నది నువ్వు కాదుటయ్యా? మనవరాలికి అందమైన పిట్ట కావాలని నువ్వే కదా అడిగావు!"

"నేనా? ఈ పిల్ల మీద ఒట్టు, ఆ మాట నా నోటెంట రాలేదమ్మా. బొమ్మలేసే ఆవిడ వెయ్యనని భీష్మించుకుని కూర్చుంది, ఒప్పుకోకపోతే పుస్తకమే ఆగిపోద్దన్నారు. పుస్తకం వస్తోందని అప్పటికే దీనికి చెప్పేశాను. ఏం చెయ్యను?"

ఇద్దరం ఒక్కసారే మెరెడిత్ వైపు తిరిగాం. ఆమె చేతిలో సగం కొరికిన కప్‌కేకు.

"అంటే... రాబందుంటే అమ్మమ్మలు కొనరని అమ్మకాల వాళ్ళు గొడవ చేశారండీ. మీ ఇద్దరూ బాధపడకూడదని నేనే కాస్త సర్ది..."

"సర్దావా? తేనె పూసి గొంతు కోశావు! ఆ మనిషిని తల్చుకుని ఏడాదిగా ఉమ్మేస్తున్నాను!"

"నేనూ అంతేనమ్మా" అన్నాడు ఎలోయ్ నెమ్మదిగా.

ఆ పిల్ల మమ్మల్నిద్దరినీ ఎగాదిగా చూసింది.

"మీ దగ్గర ఫోన్లు లేవా?"

ఏం చెప్పను? మర్యాద అని చెప్పనా? ఆ మాట నోటిదాకా వచ్చి, నాకే అసహ్యమేసి ఆగిపోయింది. సంచీలోంచి రంగుల డబ్బా తీశాను. ఎలోయ్ చేతిలో పుస్తకం లాక్కుని బల్ల మీద పరిచాను. నీలం మీద ముదురు గోధుమరంగు దట్టంగా పులిమాను.

"ఓపల్ గారూ! అదీ, ఈ పెట్టెల్లోని పుస్తకాలన్నీ అమ్మకానికి తెచ్చినవండీ!"

"అమ్ముకో తల్లీ. ఒక్కోటీ బాగుచేసి ఇస్తాను. ఎలోయ్ గారూ, ఆ పెట్టెలు ఇటు జరపండి."

ఆయన ఒక్క ఊపున బల్ల మీదికి ఎత్తాడు. నేను కుంచె ఎరుపులో ముంచి తల గుండ్రంగా తిప్పాను. ఆరెలియా పక్కన నిలబడి మూతి ముడిచింది.

"అలా కాదు మామ్మా. తల బంతిలా ఉండదు. వెనక ఇక్కడ కాస్త నొక్కినట్టుంటుంది."

"రాబందుకా?"

"నాకు" అంది.

టోపీ తీసి రంగుల డబ్బా పక్కన పడేసింది. నా ముందుకొచ్చి తల వంచి నిలబడింది.

"చూసి వెయ్యి."

చూసి వేశాను.