ముట్టుకునే ముందు

ప్లాస్టిక్ షీటును రెండు చేతులతో కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. గుండుసూది తలంత చిల్లు, చుట్టూ నల్లగా కాలిన మచ్చ. ఐదోది కూడా పోయింది.

"ఆ బల్ల ఖాళీ చేస్తే తినడానికి పెడతాను," అంది భార్య, మూడోసారి.

బల్ల నిండా అల్యూమినియం రేకులు, కత్తెర, గుడ్డ పీలికలు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అతను కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరు. అక్కడి మెరుపుల యంత్రంలో కెపాసిటర్ పేలిపోయి నెలయింది. అలాంటిది కొందామన్నా ఎక్కడా దొరకలేదు. రేకు, ప్లాస్టిక్, మళ్లీ రేకు, మళ్లీ ప్లాస్టిక్ పేర్చి బిగించి చుడితే అదే కెపాసిటర్. చెప్పడానికి అంతే. చుట్టబోతే ప్రాణం తోడేస్తుంది. రేకు అంచు దాటి రెండు వేళ్ల మేర ప్లాస్టిక్ వదలాలి, లేకపోతే నిప్పురవ్వ అంచు మీదుగా దూకుతుంది. లోపల ఒక్క వెంట్రుక చిక్కినా చిల్లే.

ఇవాళ రెండింటికి ఈ ఏడాది చివరి క్లాసు. అందులో ఆ యంత్రం అంగుళం మెరుపైనా విసరకపోతే, నాలుగింటికి పాత సామాన్లవాడు వచ్చి పట్టుకుపోతాడు.

"అన్నీ శుభ్రంగానే తుడిచాను. ఎక్కడ తప్పుతోంది?"

ఆమె చేతులు తుడుచుకుని వచ్చి, పాడైన షీట్లన్నీ ఒకదాని మీద ఒకటి పరిచింది. "చిల్లులన్నీ ఒకే గీత మీదున్నాయి కదండీ. మడత గీత. షాపువాడు మడతపెట్టి ఇచ్చింది తెచ్చి చుడతారా? దుప్పటి ఎక్కడ చిరుగుతుందో నన్నడిగితే చెప్పేదాన్ని."

"అడిగితే పాఠం మొదలుపెడతావని అడగలేదు."

"అన్నిటికీ తీగ కడతారుగా, నా నోటికీ ఒకటి కట్టండి."

ఆ తీగ గోల ఇంటిల్లిపాదికీ తెలుసు. ముట్టుకునే ముందు కెపాసిటర్ రెండు కొనలనూ కలుపుతూ రాగి తీగ కట్టాలి, కట్టి అలాగే ఉంచాలి. అంతా ఖాళీ అయిందనుకున్నాక కూడా అందులో కరెంటు దానంతట అదే కాస్త ఊరుతుంది. ఏళ్ల తరబడి ఈ మాట విని విని, ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకినా ఆమె "తీగ కట్టనా?" అని వెక్కిరిస్తుంది.

మడత లేని షీటు ఈ పూట ఎక్కడ దొరుకుతుంది? అతని చూపు బల్ల మీద పరిచిన కవరు మీద పడింది. మందపాటి పారదర్శకమైన ప్లాస్టిక్, మడత పెట్టకుండా చుట్టగా తెచ్చింది. భార్య ఏళ్లుగా అడిగి అడిగి వారం కిందే కొనిపించుకుంది. మొదటి రోజే అతను దాని మీద వేడి గ్లాసు పెట్టి ముద్ర వేశాడు. మూడు రోజులు సాధించింది.

"దానికేసి అలా చూడకండి," అంది. కాసేపటికి తనే రేకులూ కత్తెరా తీసి గట్టు మీద పడేసి, కవరు లాగి అతని చేతిలో పెట్టింది. "తీసుకుపొండి. బల్ల కూడా తీసుకుపొండి, పీడా వదులుతుంది."

గ్లాసు ముద్ర రేకు లేని పైచుట్టులోకి వచ్చేలా కొలుచుకుని చుట్టాడు. ఆమె గొణుక్కుంటూనే రెండో చివర బిగించి పట్టుకుంది.

ల్యాబులో లెక్చరరుకూ ఓపిక అయిపోయింది. ఒకప్పుడు ఇక్కడే చదువుకున్న పిల్ల. "బాబాయ్, ఇదీ పేలితే పరువు పోతుంది. వీడియో చూపించేస్తాను, వదిలెయ్యండి."

"వీడియోకి వాసన రాదు మేడమ్."

రెండుంబావుకు ఇత్తడి గుండ్ల మధ్య తెల్లని మెరుపు ఫట్‌మని దూకింది. వెనక బెంచీల్లో కునికేవాళ్లు ఉలిక్కిపడ్డారు. కెపాసిటర్ నిలబడింది. మెరుపు వదిలిన ఘాటు వాసనను అతను గట్టిగా పీల్చుకున్నాడు.

క్లాసయ్యాక లెక్చరర్ గేటు దాకా వెళ్లి పాత సామాన్లవాణ్ణి పంపించేసింది. ఆ మాట చెబుదామని తిరిగొచ్చేసరికి అతను స్టూలు మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. భుజం తట్టింది. డాక్టరు వచ్చి, కరెంటు కాదు, గుండె ఆగిందన్నాడు.

వారం తర్వాత అతని భోజనం డబ్బా తీసుకెళ్దామని భార్య ల్యాబుకు వచ్చింది. లెక్చరర్ యంత్రమున్న బల్లకు రెండడుగుల దూరంలోనే ఆగిపోయింది. "ఆయన లేకుండా దీన్ని ముట్టుకోవాలంటే అందరికీ భయంగా ఉంది పిన్నీ."

భార్య వంగి చూసింది.

"ఏం చూశారమ్మా ఇన్నాళ్లూ? తీగ కట్టే వెళ్లారు."

అరచెయ్యి కెపాసిటర్ మీద ఆనించింది. చేతి పక్కనే, పైచుట్టు మీద, వేడి గ్లాసు ముద్ర గుండ్రంగా ఉంది.