పార్క్ మేడమ్ తెచ్చిన పథ్యం

కృష్ణకుమారికి బిడ్డ పుట్టి, కళ్ళు తెరవకుండానే పోయి రెండు వారాలు కావస్తోంది. పురుడు పోయడానికని కాకినాడ నుంచి నోయిడా దాకా వచ్చిన అత్తగారు పార్వతమ్మ, తెచ్చిన ఎండు పాలసొర మూటని విప్పకుండానే పట్టుకుని మొన్న రైలెక్కేసింది. పాలసొర బాలింతకి పాలు పడాలని పెట్టేది. తాగే బిడ్డే లేనప్పుడు పథ్యమెందుకని ఆవిడ లెక్క. ఉన్న పాలు ఇంకిపోవాలని గుడ్డలో మల్లెపూలు పెట్టి కోడలి రొమ్ములకి బిగించి మరీ వెళ్ళింది. మంచి మనిషే, కాదనలేం. మంచివాళ్ళు పెట్టే బాధే ఎవరికీ చెప్పుకోవడానికి వీల్లేనిది.

భర్త భీమారావూ అంతే. తొందరగా మరిచిపోవాలంటూ, బిడ్డ కోసం కొన్న ఉయ్యాలని ఎవరికో ఇచ్చేశాడు. ఇంట్లో బిడ్డ ఊసెత్తితే చాలు, లేచి బయటికి పోతాడు. కృష్ణకుమారికి ఓదార్పు అక్కర్లేదు. నువ్వూ ఒక బిడ్డని కన్న తల్లివేనని ఎవరైనా ఒక్కసారి అంటే చాలు. ఆ మాట కోసం మొహం వాచిపోయి ఉంది.

ఆ తొంభై ఏడు వేసవిలో, ఒక మధ్యాహ్నం, పైవాటాలో ఉండే పార్క్ మేడమ్ తలుపు తట్టింది. ఆవిడ భర్త కొరియా టీవీల ఫ్యాక్టరీలో ఇంజనీరు. సెలవులకి స్వదేశం వెళ్ళేముందు కృష్ణకుమారి పొట్ట నిమిరి, వచ్చేటప్పుడు నీకొకటి తెస్తానని చెప్పి వెళ్ళింది. నిన్ననే దిగింది. జరిగింది ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు. తగ్గిన పొట్ట చూడగానే మొహం చాటంత చేసుకుంది.

"ముబారక్ హో," అని, వచ్చీరాని హిందీలో చెప్పుకొచ్చింది. "మా దేశంలో బిడ్డ పుట్టిన అమ్మకి ముందు ఇదే పెడతారు. సముద్రం ఆకు సూప్. మీరు తినరని గొడ్డుమాంసం వెయ్యలేదు, రొయ్యలే వేశాను. దూధ్ బాగా పడుతుంది."

కృష్ణకుమారి నిజం చెప్పబోయి ఆగిపోయింది. చెబితే ఈవిడ కూడా అయ్యో అని గిన్నె మూసేస్తుందేమో. ఈ పథ్యం కూడా వెనక్కి పోతుందేమో.

గిన్నెలో నల్లగా, జారుగా ఉంది. కాకినాడ జాలర్లు వలల్లోంచి దులిపి పారేసే నాచే. మొదటి చెంచా నువ్వులనూనె వాసనతో, ఉడికిన బచ్చలాకులా గొంతులోకి జారిపోయింది. రెండో చెంచా తాగింది. అన్నం చూస్తేనే వెగటు పుడుతున్న మనిషి, కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, గిన్నె ఎత్తి అడుగు దాకా తాగింది. బాలింతలు ఊరికే ఏడుస్తారని పార్క్ మేడమ్‌కీ తెలుసు కాబోలు, వీపు నిమురుతూ కూర్చుంది.

"లడకా? లడకీ?"

"లడకా."

మగబిడ్డా, ఆడబిడ్డా అన్న ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ ఆమెని అడగలేదు. ఫోను చేసిన చుట్టాలు కూడా అడగలేదు.

పార్క్ మేడమ్ మూసి ఉన్న గది తలుపు వైపు ఆశగా చూసింది. "ఒక్కసారి చూడనా?"

"సో రహా హై," అంది కృష్ణకుమారి.

"అచ్ఛా, అచ్ఛా," అంటూ ఆవిడ గొంతు తగ్గించేసింది. రేపు మళ్ళీ తెస్తానని సైగ చేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, పసివాడి నిద్ర చెడగొట్టకుండా మునివేళ్ళ మీద మెట్లెక్కింది. ఆవిడ వెనకాలే కృష్ణకుమారి కూడా చప్పుడు కాకుండా తలుపు వేసింది.