ఆయన కప్పు ఆయనే కడిగిన రోజు

పొద్దున మా ఆయన కాఫీ తాగిన కప్పు తనే కడిగి బోర్లించారు. నా గుండెల్లో రాయి పడింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన కప్పు కడిగింది రెండేసార్లు. ఒకసారి వాళ్లమ్మను శాశ్వతంగా మా ఇంటికి తెచ్చే ముందు, ఇంకోసారి నాతో మాటైనా అనకుండా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వచ్చిన రోజు.

"రోజూ ఆ కుట్టుమిషను ముందు కూచుని అలిసిపోతున్నావు. ఇవాళ నీకు సెలవేగా, పాపను తీసుకుని అలా పార్కుకి వెళ్లిరా" అన్నారు. నా అలసట ఆయన కంట్లో ఎప్పుడు పడిందో మరి. అడక్కుండానే కొడుకు గొడుగు తెచ్చాడు. కోడలు నా నీళ్ల సీసా నింపి, మొహం అటు తిప్పుకుని చేతికిచ్చింది. పైగా పాపకు ప్లేస్కూలు ఉన్న రోజు. ముగ్గురూ ఏదో కూడబలుక్కున్నారు. గట్టిగా అడిగేసేదాన్నే, కానీ నా నాలుగేళ్ల మనవరాలు అప్పటికే కుడి చెప్పు ఎడమ కాలికి తొడుక్కుని గుమ్మంలో గెంతుతోంది.

పార్కులో వాన వెలిసి జారుడుబల్ల కింద మడుగు కట్టింది. పిల్ల సరాసరి అందులోకే జారింది. లేచి, నన్నూ రమ్మంది.

"నేను పెద్దదాన్నమ్మా."

"పెద్దవాళ్లయితే ఎక్కువ చిందుతుంది కదా."

చెప్పులు విడిచి దూకాను. ఇద్దరం తల దగ్గర్నుంచి కాళ్లదాకా బురదలో మునిగాం, పక్క బెంచీ మీద పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి కూడా తడిశాడు. ఇన్నాళ్లూ బురద అంటే నాకు ఉతకాల్సిన బట్ట. ఇవాళ ఒట్టి బురద. కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను. ఎంత సంతోషం వేసిందంటే, ఆ సంతోషం మీద కూడా అనుమానం వచ్చింది. ఎర ఎప్పుడూ రుచిగానే ఉంటుంది కదా.

"రేపట్నుంచి రోజూ ఇలాగే కదా నానమ్మా? నేనింక స్కూలుకి వెళ్లక్కర్లేదంట. నువ్వు ఇంట్లోనే ఉంటావంట."

"ఎవరు చెప్పారు?"

"తాతయ్య. నీకు చెప్పొద్దన్నాడు."

నేను పనిచేసే టైలరింగ్ షాపు పార్కు వెనక సందులోనే. పిల్లను కడుగుదామని అక్కడికి తీసుకెళ్లాను. ఓనరమ్మ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"అదేంటక్కా, మానేశావుగా? పొద్దున మీ ఆయన ఫోన్ చేశాడు. పిల్లను చూసుకోవాలట, మొహమాటంతో నువ్వు చెప్పలేకపోతున్నావట."

యాభై దాటాక నేర్చుకున్న పని ఇది. "నువ్వు కుట్టకపోతే జనం బట్టల్లేకుండా తిరుగుతారా" అని ఆయన ఎన్నిసార్లు ఎగతాళి చేసినా వదల్లేదు. ఇక్కడ కోటు చేతులు కుదించాలంటే నా కోసం ఆగుతారు. ఇంట్లో నా కోసం ఆగేవి అంట్లు. మనవరాలంటే నాకు ప్రాణమే. ఆయనకూ ప్రాణమే అంటారు. మరి ఆ ప్రాణం కోసం ఎప్పుడూ నేనే ఎందుకు ఖాళీ అవ్వాలి?

"నేను మానలేదు. రేపు వస్తాను" అన్నాను.

మిగిలిపోయిన కర్టెన్ లైనింగు ముక్కతో పిల్లకు ఒక గౌను కుట్టాను. అది మిషను బల్ల మీద కూచుని, సుద్దముక్కతో నా చీర నిండా చేపలు గీసింది. మధ్యలో లేచి షాపు ఫోన్లోంచి ఒక ఫోన్ చేసుకున్నాను.

ఇంటికి చేరేసరికి మా ఆయన వాకిట్లోనే ఎదురొచ్చారు. లోపల కొడుకు తేలుకుట్టిన దొంగలా కూచున్నాడు.

"బాగుందా? కావాలంటే రోజూ వెళ్లొచ్చు" అన్నారు ఆయన, తియ్యగా.

"చాలా బాగుంది" అన్నాను. "మీరు నా షాపుకి ఫోన్ చేశారటగా, నేను పాప స్కూలుకి చేశాను. పాప మానట్లేదు, రేపట్నుంచి మధ్యాహ్నం వాళ్ల తాతయ్యే వచ్చి తీసుకెళ్తారు, మొహమాటంతో ఆయన చెప్పలేకపోతున్నారు అని చెప్పాను."