ఎవరికీ లేని పేరు

"పుట్టినవాళ్ల పుస్తకంలో కాదు మేడమ్, పోయినవాళ్ల పుస్తకంలో చూడండి," అని ఆవిడ ఒక పేరు చెప్పింది.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఆ పేరు నేనిక్కడ రాయను. ఎందుకు రాయనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. అది ఏ పువ్వుకీ ఏ నదికీ చెందిన పేరు కాదు. నాకు తెలిసిన ఏ భాషలోనూ దానికి అర్థం లేదు. కానీ నాకు బాగా గుర్తుంది. ఇరవై మూడేళ్ల కిందట ఒక చీటీ మీద చూసి, కడుపుబ్బా నవ్వి, ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు కూడా చెప్పాను.

నేను జనన మరణాల నమోదు కార్యాలయంలో గుమస్తాను. నా ఎడమవైపు బీరువాలో పుట్టినవాళ్లు, కుడివైపు బీరువాలో పోయినవాళ్లు, మధ్యలో నేను. ఆసుపత్రి నుంచి చీటీలు కట్టలుగా వస్తాయి. పుట్టిన తేదీ, వేళ, ఆడో మగో, తల్లిదండ్రులెవరో, అన్నిటికన్నా కింద వాళ్లు కోరిన పేరు. అది చూసి పెద్ద రిజిస్టర్లో ఎక్కించడం నా పని. రిజిస్టర్లో ఎక్కిందే పేరు. చీటీ అటక మీదికి పోతుంది, దాని మొహం మళ్లీ ఎవరూ చూడరు.

నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని పై అధికారులంతా మెచ్చుకునేవారు. ఆ పొగరు కొంత ఉంది నాకు. దానికి తోడు వెర్రి పేర్లంటే ఒళ్లు మంట. అది ఊరికే వచ్చిన మంట కాదు. మా నాన్న నాకు పెట్టిన పేరు అలాంటిదే మరి. ఏమిటని అడక్కండి. బళ్లో హాజరు పిలిచిన ప్రతిసారీ క్లాసంతా గొల్లుమనేది. పదేళ్లు ఆ నవ్వు విన్నదాన్ని, ఇంకో పిల్ల వినకూడదనుకున్నాను.

అందుకని సరిదిద్దడం మొదలుపెట్టాను.

కరెంటు పోయినప్పుడు పుట్టాడని ఒక మహానుభావుడు కొడుక్కి జనరేటర్ అని పెట్టాడు. ఇంకొకామె ఆసుపత్రి లిఫ్టులో కన్నదట, పిల్ల పేరు లిఫ్టు. ఇలాంటివి చీటీలో చూడగానే నా పెన్ను దానంతటదే పక్కకు తిరిగేది. వాటి బదులు నలుగురూ పెట్టుకునే పేరు ఒకటి, ముచ్చటగా, గుండ్రంగా రాసేదాన్ని. ఇచ్చిన కాగితం ఇంటికెళ్లి చదువుకునేవాళ్లు పదిమందిలో ఇద్దరుంటే గొప్ప. ఆ ఇద్దరూ వచ్చి అడిగితే "ఆసుపత్రి చీటీలో ఇలాగే ఉందమ్మా" అనేదాన్ని. "పోన్లెండి, ఇదే బావుంది" అని వెళ్లినవాళ్లూ ఉన్నారు. మా ఆయన మాత్రం "ఊళ్లో పెళ్లికి నీకెందుకే హడావిడి" అని విసుక్కునేవాడు. నలభై మందిని కాపాడానని లెక్క పెట్టుకున్నాను. పుణ్యమనే అనుకున్నాను, ప్రమాణంగా.

ఇప్పుడు ఆ నలభైలో ఒక పేరు కిటికీ అవతల నిలబడి ఉంది.

ఆవిడకు నలభై రెండో నలభై మూడో ఉంటాయి. దర్జీ పనట. చూపుడువేలి కొసన సూది పోట్లు నల్లగా గరుకుగా కనిపిస్తున్నాయి.

"మీకేమవుతారు?" అని అడిగాను.

"కూతురు. ఒక్కసారే చూశాను."

లోపలికి రమ్మని కుర్చీ చూపించాను. కూర్చుని, ఎవరికీ చెప్పని సంగతి ఎవరో ఒకరికి చెప్పేయాలన్నట్టు గబగబా చెప్పుకుపోయింది. పంతొమ్మిదేళ్లప్పుడు బిడ్డ పుట్టింది. పెళ్లి చేసుకుంటానన్నవాడు మొహం చాటేశాడు. ఇంట్లోవాళ్లు గడప తొక్కనివ్వలేదు. ఆసుపత్రి వెనకాల పిల్లల ఆశ్రమం ఉండేది. బిడ్డను అక్కడ అప్పగించింది.

"అక్కడి పెద్దావిడ ఒకటే చెప్పింది మేడమ్. బిడ్డ ఎవరింటికి వెళ్లేదీ నీకు చెప్పం, నువ్వెవరో వాళ్లకీ చెప్పం, పేరు మాత్రం నీ ఇష్టం, చీటీలో నువ్వు రాసిందే జీవితాంతం ఉంటుంది, పెంచేవాళ్లు కూడా మార్చకూడదు అంది. నా చేతిలో ఉన్నది ఆ ఒక్కటే కదా. మూడు రోజులు ఆలోచించా."

"అలాంటి పేరెందుకు పెట్టారమ్మా?"

"ప్రపంచంలో ఇంకెవరికీ ఉండకూడదని. మామూలు పేరు పెడితే వందమందిలో కలిసిపోతుంది, నేనెలా పోల్చుకోను? ఎవరికీ లేని పేరైతే ఎక్కడో ఒకచోట అచ్చులో కనబడుతుంది కదా, అదే నా కూతురని తెలిసిపోతుంది కదా."

బల్ల మీది పెన్ను తీసి సొరుగులో పెట్టేశాను.

ఆవిడ చెబుతూనే ఉంది. కూతురు పదో తరగతి రాయాల్సిన ఏడాది, పాసైనవాళ్ల పేర్లున్న పేపర్లన్నీ నేల మీద పరుచుకుని, స్కేలు పెట్టి వరస వరసా చదివిందట. కనబడలేదు. ఫెయిలైందేమోనని మరుసటి ఏడాదీ చదివింది. తర్వాత ఇంటర్, తర్వాత డిగ్రీ. తర్వాత ఉద్యోగాల జాబితాలు, ఓటర్ల జాబితాలు. ఎక్కడా లేదు.

"అలాంటి పేరు ఇన్నేళ్లలో ఒక్కచోటైనా కనబడలేదంటే ఇంకేముంది మేడమ్, చిన్నప్పుడే పోయుంటుంది. ఆ సంగతి నాకు నేను ఎప్పుడో చెప్పుకున్నా. కాకపోతే ఏ రోజు పోయిందో తెలీదు. ఏ రోజు ఏడవాలో తెలీక అన్ని రోజులూ ఏడుస్తున్నా. ఆ తేదీ ఒక్కటి చెప్పండి, వెళ్లిపోతా."

నేను కుడివైపు బీరువా తీయలేదు. తీయక్కర్లేదు. ఆ పేరు అందులో ఉండదు. ఏ పుస్తకంలోనూ ఉండదు. ఉండకుండా చేసిన చెయ్యి నా ఒళ్లో ఉంది.

నిజం చెబుతున్నాను, తప్పించుకుందామనే అనిపించింది. "ఆ పేరుతో మరణం నమోదు కాలేదమ్మా" అన్నాను. అబద్ధం కాదు కదా అది. ఆవిడ "లేదా? అయితే ఏమైనట్టు?" అని తనలో తనే అనుకుంటూ లేచింది. సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లింది. ఇంకో రెండడుగులు వేస్తే నేను బతికిపోయేదాన్ని. ఇంకో నాలుగు నెలల్లో రిటైరై, దండలు వేయించుకుని ఇంటికి వెళ్లేదాన్ని.

"అమ్మా, పుట్టిన తేదీ చెప్పండి," అన్నాను.

వెనక్కి వచ్చి, తేదీ, వారం, గంట, నిమిషం ఒక్క గుక్కలో చెప్పింది.

ఎడమవైపు బీరువా తీసి, ఆ ఏడాది రిజిస్టర్ దింపి, పేజీ తిప్పాను. తేదీ సరిపోయింది, వేళ సరిపోయింది. ఆశ్రమం పిల్లలకు తల్లిదండ్రుల గళ్లు ఖాళీగా వదిలేస్తాం. ఇక్కడా ఖాళీగానే ఉన్నాయి. పేరు గడిలో నా ముత్యాల దస్తూరి. ఆ ఏడాది ఊరంతా పెట్టుకున్న పేరు. వీధికి ముగ్గురికి ఉన్న పేరు.

పుస్తకం ఆవిడ వైపు తిప్పాను. "మీ అమ్మాయి ఇదే. మీరు రాసిన పేరు నేను మార్చేశాను."

ఆవిడకు అర్థం కాలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం ఎంత కష్టమో నాకే తెలుసు.

"మీరా?" అంది. "ఎందుకు?"

"మంచికే అనుకున్నానమ్మా. పిల్లను నలుగురూ నవ్వకూడదని..."

"ఎవరి మంచికి?"

అరిచినా బాగుండేది. మామూలుగా అడిగింది. పుస్తకంలోకి తల దించుకున్నాను. అప్పుడు కనబడింది, ఆ వరస పక్కన మార్జిన్‌లో ఎర్ర సిరాతో నేనే వేసిన గుర్తు. జనన ధ్రువపత్రం నకలు ఎవరికిచ్చినా అక్కడ తేదీ వేసి పొడి సంతకం పెడతాం. తేదీ ఎనిమిది నెలల కిందటిది.

ఆ అమ్మాయి నాకు గుర్తుంది. ఇదే గదిలో, ఇదే బల్ల ముందు నిలబడింది. నకలు తీసుకుని వెళ్లబోతూ ఆగి, "ఈ పేరు మా అమ్మే పెట్టిందా మేడమ్? ఆవిడ నాకిచ్చింది ఇదొక్కటేనని ఇంట్లో చెప్పారు" అని అడిగింది. బయట క్యూ పెరుగుతోంది, నాకు చిరాగ్గా ఉంది. "ఆ ఏడాది ఇదే పేరు అరవై మందికి ఉందమ్మా. మీ అమ్మ పెద్దగా ఆలోచించి ఏం పెట్టి ఉండదు, ఏదో ఒకటి రాసి పోయుంటుంది" అన్నాను. "నాకూ అలాగే అనిపించేది" అని నవ్వి, కాగితం నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోయింది.

"బతికే ఉందమ్మా. ఎనిమిది నెలల కిందట వచ్చింది. మీరు కూర్చున్న ఆ కుర్చీ పక్కనే నిలబడింది," అన్నాను.

ఆవిడ కుర్చీ వెన్ను గట్టిగా పట్టుకుంది. "ఎలా ఉంది?" అంది. తర్వాత, "నన్ను అడిగిందా?"

ఆ రెండో ప్రశ్నకు కూడా నిజమే చెప్పాను. ఆ అమ్మాయి ఏమడిగిందో, నేను ఏమన్నానో, ఒక్క మాట దాచకుండా. వింటున్నంతసేపూ ఆవిడ రెప్ప వేయలేదు. చివర్లో రెండు చేతులతో నోరు మూసుకుంది.

దరఖాస్తుల ఫైలు తీశాను. చిరునామా బయటివాళ్లకు ఇవ్వకూడదన్నది నియమం. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో నేను తొక్కిన నియమాలు చాలు, అందుకని ఇవ్వలేదు. ఫోన్ నంబరు చూసి నేనే డయల్ చేశాను. ఒకసారి తప్పు నంబరు పోయింది.

"నమోదు కార్యాలయం నుంచమ్మా. మీ నకలు విషయం."

"ఏమైనా పొరపాటుందా మేడమ్?"

"ఉంది. అందులో ఉన్న పేరు మీ అమ్మగారు పెట్టింది కాదు. ఆవిడ వేరే పేరు రాశారు. దాన్ని మార్చింది నేను."

అవతల ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు. అది ఆగింది.

"ఏదో ఒకటి రాసి పోయుంటుందన్నారుగా?"

"తెలీకుండా వాగానమ్మా. మూడు రోజులు ఆలోచించి రాశారట. ఆ పేరుతో మిమ్మల్ని వెతుక్కుందామని. ఇన్నేళ్లూ వెతుకుతూనే ఉన్నారు. దొరక్కపోవడానికి కారణం నేను."

నేను తిట్లకు సిద్ధపడ్డాను. తిట్టలేదు. "ఇప్పుడెక్కడున్నారావిడ?" అంది.

"నా ఎదురుగానే ఉన్నారు."

"కదలొద్దని చెప్పండి. అరగంటలో అక్కడుంటా. దయచేసి ఆవిణ్ని పంపించేయకండి."

ఫోన్ పెట్టేసి చెప్పాను. ఆవిడ ఏడవలేదు. సంచి కింద పెట్టి, బీరువా తలుపుకున్న మసక అద్దంలో జుట్టు సవరించుకుంది. పైట సర్దుకుంది. చేతులు చూసుకుని, వేళ్ల మీది నలుపు చీర కొంగుతో రుద్దుకుంది. అది పోయే నలుపు కాదు. ఉన్నట్టుండి భయపడ్డట్టు నా వైపు తిరిగింది.

"రాగానే ఏమని పిలవను మేడమ్? నేను పెట్టిన పేరు తనకి తెలీదు. తనకి తెలిసిన పేరు మీరు పెట్టింది. నేను దేంతో పిలవాలి?"

ఆ నలభై చీటీల ముందు కూర్చుని ఈ బిడ్డకు ఇదే బాగుంటుందని ఠకీమని తేల్చేశాను. ఇప్పుడు ఒక తల్లి తనంతట తను వచ్చి అడుగుతోంది.

"తెలీదమ్మా," అన్నాను.

ఆవిడ తలూపి, కుర్చీ గుమ్మం వైపు తిప్పుకుని కూర్చుంది.